పొరల ఉక్కు కత్తా, కమాను కత్తా? వెలికొండ కింద పొయ్యి వెలిగించేవారికి సలహా

పోయిన వేసవిలో సోమశిల జలాశయం పక్కన చేపల పులుసు పెట్టుకున్నాము. అందులోకి మామిడికాయ కోసింది నేను, నా పొరల ఉక్కు కత్తితో. పావుగంట గడిచేసరికి ముక్కల అంచులన్నీ పెన్సిలుతో గీసినట్టు నల్లబడ్డాయి. మా బావమరిది ఒక ముక్క నోట్లో వేసుకుని, "బావా, మీ ఇంట్లో పులుసులోకి ఇనుము కూడా వేస్తారా?" అన్నాడు. ఆ కత్తికి నేను పెట్టిన డబ్బు ఎంతో అతనికి తెలుసు. అందుకే ఆ మాట కాస్త గట్టిగానే తగిలింది.

మర్నాడు ఉదయం అదే కత్తితో ఎండిన వేపకొమ్మను చెక్కుతుంటే చెక్కపొరలు ఉంగరాలు తిరిగి రాలాయి. ఒక్క అగ్గిపుల్లకే పొయ్యి అంటుకుంది. అతను తెచ్చిన ఫ్యాక్టరీ చాకు ఆ కొమ్మ మీద జారుతూనే ఉంది. సాయంత్రం నన్ను నవ్వులపాలు చేసిన కత్తే పొద్దున నా పరువు నిలబెట్టింది.

ఇలా ఊరికి దూరంగా రాత్రి గడిపి వంట చేసుకునేవారు మన జిల్లాల్లో ఎక్కువే అయ్యారు. పెంచలకోన చుట్టుపక్కల, భైరవకోన దారిలో, మైపాడు ఇసుకలో, ఎవరి తోటలో వాళ్లు. కత్తి గురించి అడిగేవాళ్లూ అలాగే పెరిగారు. వాళ్లలో సగం మంది ఫోనులో మెరిసే చారల కత్తి బొమ్మ చూపించి, "చేత్తో చేసిందట, పొరల ఉక్కట, కొననా?" అంటారు. మొదటి కత్తిగా అయితే వద్దని నా జవాబు. రెండోదో మూడోదో అయితే కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఎందుకో చెబుతాను.

మన ముందు నాలుగు రకాలున్నాయి. ఊరి కొలిమిలో లారీ కమాను పట్టీతో చేయించుకునే కత్తి ఒకటి. మధ్యలో గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తని ఇనుము అతికించి సాగదీసిన పొరల కత్తి రెండోది. అదే పొరల కత్తికి ఇనుము బదులు స్టెయిన్‌లెస్ తొడుగు ఉంటే మూడోది. ఫ్యాక్టరీలో వేలకొద్దీ వచ్చే స్టెయిన్‌లెస్ చాకు నాలుగోది. నాలుగూ నా దగ్గర ఉన్నాయి, ఒకదాన్ని ఇప్పుడు కత్తి అనలేమనుకోండి. దాని కథ కింద వస్తుంది.

పొరలు ఎందుకు

పొరల ఉక్కు అనగానే విదేశీ విద్య అనుకుంటారు. "గొడ్డలికి ఉక్కు పెట్టించాలి" అన్న మాట చిన్నప్పుడు విన్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. గొడ్డలిని మెత్తని ఇనుముతో చేసి, కోసే అంచు దగ్గర మాత్రం చీల్చి, అందులో ఉక్కు ముక్క దూర్చి, వెలిగారం చల్లి, కొలిమిలో నిప్పురవ్వలు లేచేదాకా కాల్చి, సమ్మెటతో కలిపేసేవారు. ఉక్కు ఖరీదుగా, ఇనుము చౌకగా ఉన్న రోజుల్లో పొదుపు కోసం పుట్టిన పని అది. జపాన్‌లోనూ ఇవే రెండు పద్ధతులు. ఉక్కుకు రెండు పక్కలా ఇనుము అతికిస్తే సాన్ మాయ్ అంటారు, అంటే మూడు రేకులు అని. ఇనుమును చీల్చి మధ్యలో ఉక్కు దూరిస్తే వారికోమి. నార్వేలో 1932 నుంచి కత్తులు చేస్తున్న హెల్లే సంస్థ మూడు పొరల స్టెయిన్‌లెస్ అలుగుతోనే పేరు తెచ్చుకుంది. అలుగు అంటే నెల్లూరు వాళ్లకు చెరువు అలుగే ముందు గుర్తొస్తుందని తెలుసు. ఇక్కడ నేను అంటున్నది పిడి బయట ఉండే కత్తి రేకును.

ఇక్కడే ఒక గందరగోళం తీర్చుకోవాలి. అలల్లాంటి చారలు అలుగంతా పరుచుకుని ఉంటే అది డమాస్కస్ అని అమ్మే రకం, రెండు మూడు జాతుల ఉక్కును పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ పొరలుగా మడిచి కొట్టింది. మన దక్కన్ నుంచి ఒకప్పుడు ఓడలెక్కి వెళ్లిన ఉక్కు వేరు. అది మూసలో కరిగించి తీసిన ముద్ద, దాని చారలు లోహం చల్లబడేటప్పుడు లోపలి నుంచి పుట్టినవి. ఈ వ్యాసం ఆ రెండింటి గురించీ కాదు. మనం మాట్లాడుకునే పొరల కత్తిలో పొరలు మూడే. దాని మీద వాదరకు, అంటే కోసే అంచుకు, కాస్త పైన, వాగు ఒడ్డులా వంకరటింకరగా ఒకే ఒక్క గీత కనిపిస్తుంది. ఆ గీతకు కింద ఉన్నది గట్టి ఉక్కు, పైనున్నది మెత్తని తొడుగు.

గట్టి ఉక్కు పదును బాగా నిలుపుకుంటుంది, కానీ పెళుసు. మెత్తని ఇనుము విరగదు, పదునూ నిలవదు. రెండింటినీ కలిపితే కొబ్బరికాయలా ఒకదాన్ని ఒకటి కాపాడుకుంటాయని ఆలోచన. మధ్య ఉక్కును, గట్టిదనం కొలిచే రాక్‌వెల్ కొలతలో 60 పైకి గట్టిపరిచినా, అలుగుకు పక్క దెబ్బ తగిలినప్పుడు పగులు ఇవతల నుంచి అవతలకు పాకకుండా మెత్తని తొడుగు ఆపుతుంది. ఇంతవరకు నిజమే. అమ్మేవాళ్లు దీనిమీద ఇంకో మాట చేరుస్తారు: "పొరల ఉక్కు కాబట్టి వాదర విరగదు." ఇది తప్పు. వాదర దగ్గర పొరలు ఉండవు, అక్కడ ఉన్నది మధ్య ఉక్కు ఒక్కటే. ఎండిన సర్కారు తుమ్మ ముడి మీద కొడితే ఆ ఉక్కు ఎంత పెళుసో అంతా పెచ్చు లేస్తుంది. పక్కన ఇనుము ఉన్న సంగతి ఆ ముడికి తెలియదు.

పొరల కత్తి అసలు గొప్పతనం సానరాయి మీద తెలుస్తుంది. ఇది ఎవరూ ప్రకటనల్లో రాయరు, బహుశా వినడానికి చప్పగా ఉంటుందని. ఒకే ఉక్కుతో చేసిన గట్టి కత్తిని రాయి మీద రుద్దాలంటే వాలు మొత్తం గట్టిదే, చెయ్యి నొప్పి పుడుతుంది. పొరల కత్తిలో రాయికి తగిలే భాగంలో ఎక్కువ మెత్తని ఇనుమే, అది వెన్నలా అరుగుతుంది, గట్టిగా ఉన్నది చివరి సన్నని పట్టీ మాత్రమే. అందువల్ల గట్టి వాదరను కూడా ఇంట్లో సాదా రాయి మీద పది నిమిషాల్లో దారికి తేవచ్చు. సానపట్టడం రానివారికి, వచ్చినా బద్ధకించేవారికి ఈ లాభం దక్కదు. కత్తికి పదును తగ్గితే బజారులో సాన చక్రం తిప్పేవారి దగ్గరకు పరుగెత్తే వారికి పొరల ఉక్కు దండగ. ఆ చక్రం మీద నీళ్లు లేకుండా నిప్పులు చిమ్మేలా పట్టిస్తే వాదర వేడెక్కి నీలం రంగుకు తిరుగుతుంది. అక్కడితో మధ్య ఉక్కు గట్టిదనం పోయినట్టే.

ఒక తేడా చాలామందికి తెలియదు. కమాను కత్తిని వంచితే తిరిగి నిటారుగా లేస్తుంది, అది స్ప్రింగు కోసం పుట్టిన ఉక్కు. పొరల కత్తిని అలాగే వంచితే తొడుగు మెత్తనిది కాబట్టి వంగింది వంగినట్టే ఉండిపోవచ్చు. విరిగి ముక్కవడం కంటే అది నయమే. కానీ దుంగ చీలికలో కత్తి ఇరుక్కుని పక్కకు గుంజే అలవాటు మీకు ఉంటే మీ అలుగు అరటికాయ వంపు తిరుగుతుంది.

నిమ్మకాయ పరీక్ష

ఇప్పుడు ఆ కత్తి కానిదాని కథ. నాలుగేళ్ల కింద ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తొమ్మిది అంగుళాల పొరల కత్తి కొన్నాను. బొమ్మలో గీత అందంగా ఉంది, కత్తిలోనూ ఉంది. రెండోసారి వాడినప్పుడు వెదురు కణుపు మీద కొడితే మొన వైపు వాదర రేకులా ముడుచుకుపోయింది. పెచ్చు లేస్తే ఉక్కు పెళుసు అనుకోవచ్చు. ముడుచుకుందంటే అక్కడ ఉక్కే లేదేమో అని అనుమానం వచ్చింది. ఉదయగిరి వైపు వెళ్లే పని ఉండి, ఆ దారిలో నాకు తెలిసిన కొలిమి దగ్గర ఆగాను.

ఆచారి గారు కత్తిని చేతిలోకి తీసుకుని ముందు దాని వీపు చూశారు, తర్వాత నన్ను చూశారు. "బాబూ, ఎంత పెట్టావని అడగను గానీ, ఇంట్లోకి వెళ్లి ఒక నిమ్మకాయ పట్టుకురా" అన్నారు. కాయను అడ్డంగా కోసి, సగం చెక్కతో అలుగును రెండు పక్కలా బాగా రుద్ది, నీడన పెట్టేశారు. టీ తాగి వచ్చేసరికి బొమ్మ తేలింది. మధ్య ఉక్కు ముదురు బూడిద రంగుకు తిరిగింది. తొడుగు ఇనుము మాత్రం లేత బూడిదలోనే ఆగింది. పిడి దగ్గర మొదలైన ముదురు పట్టీ వాదర వెంట ముప్పాతిక దూరం బాగానే నడిచింది. ఆ తర్వాత ఎడమ వైపు మెల్లగా పైకి ఎక్కి, మొనకు రెండు అంగుళాల ముందే వాదరను వదిలేసింది. ఆ రెండు అంగుళాలూ వట్టి ఇనుము. కొట్టేటప్పుడు ఉక్కు ఒక పక్కకు జరిగిందో, అరగదీసేటప్పుడు ఒక వైపే ఎక్కువ తీశారో, మొత్తానికి నేను డబ్బు పెట్టి గీత కొనుక్కున్నాను.

చేత్తో చేసిన పొరల కత్తుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. అందుకే కొనేముందు మూడు చోట్ల చూడండి. మొదట, రెండు పక్కలా గీత వాదరకు దాదాపు ఒకే దూరంలో నడవాలి. అలలు ఉండవచ్చు, చేతిపనికి అది అందమే, కానీ మొన దగ్గరా, మడమ (పిడి వైపు వాదర చివర) దగ్గరా గీత వాదరను తాకకూడదు. రెండోది, మొన మీదుగా కంటికి ఎదురుగా పెట్టుకుని చూస్తే ఉక్కు సరిగ్గా నడుమ ఉండాలి. మూడోది కత్తి వీపు. మూడు రేకుల పద్ధతిలో చేసినదైతే వీపు మీద కూడా మధ్యలో చార కనిపించాలి. వీపు అంతా ఒకే రంగులో ఉండి పక్కల మాత్రమే గీత ఉంటే, ఆమ్లంతో పైపైన గీసిన దొంగ గీత కావచ్చు. తొందరపడి తగవుకు దిగకండి, చీల్చి ఉక్కు దూర్చిన పద్ధతిలో వీపు దగ్గర ఇనుము మడత ఉంటుంది, అక్కడ చార కనిపించదు. ఏ పద్ధతిలో చేశారని అడగండి. చేసినవాడికి వెంటనే జవాబు వస్తుంది.

పొరల మధ్య గోటికి తగిలే సన్నని చీలిక ఉంటే ఇంకేమీ చూడనక్కర్లేదు, వెనక్కి ఇచ్చేయండి. అతుకు సరిగ్గా పడలేదని అర్థం. లోపల మిగిలిన మసో పొలుసో నీళ్లు తాగి, తుప్పు అక్కడి నుంచే తింటుంది.

ఇంకో సంగతి కూడా అడగదగ్గదే: ఎన్నిసార్లు కాల్చారు? అతుకు పడే వేడిలో ఉక్కులోని కర్బనం పక్కనున్న ఇనుములోకి కొంత పాకుతుంది. ఎక్కువసేపు, ఎక్కువసార్లు కాల్చితే మధ్య ఉక్కు ఆ మేరకు బీదపడుతుంది. అందుకే కొందరు నడుమ పలుచని నికెల్ రేకు అడ్డం పెడతారు. గీత పక్కన వెండిలా మెరిసే దారం కనిపిస్తే అది అదే. అందం కోసమూ పెడతారు.

మధ్య ఉక్కు పేరు చెప్పమనండి. 1095 అంటే దాదాపు 0.95 శాతం కర్బనం ఉన్న సాదా ఉక్కు. 52100 అంటే బాల్ బేరింగులకు వాడేది, కర్బనం ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర శాతం. జపాన్ కత్తుల వాళ్లు తెల్లకాగితం, నీలికాగితం అనే పేర్లు చెబుతారు. అవి ఉక్కు రంగులు కావు, కమ్మీలకు అంటించే కాగితం రంగులు. "హై కార్బన్ అండీ, చాలా మంచిది" అని మాత్రమే అన్నవాళ్ల దగ్గర నేను కొనను.

కమాను పట్టీ

నన్ను ఒకే ఒక్కటి కొనమంటే ఇదే కొంటాను. కాబట్టి ఈ భాగంలో కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

మన దేశంలో లారీ కమాన్లకు వాడే ఈఎన్45 రకం ఉక్కులో కర్బనం అర శాతం పైన, సిలికాన్ ఒకటిన్నర నుంచి రెండు శాతం. కర్బనం తక్కువ కాబట్టి పొరల కత్తి మధ్య ఉక్కంత పదును నిలవదు. దానికి బదులు దెబ్బ ఓర్చుకుంటుంది, లారీ కింద గుంతల్లో ఎగిరెగిరి పడటానికి పుట్టిందే కదా. మన దగ్గర దొరికే వంటచెరకు ఏమిటో కూడా ఆలోచించండి. చెరువు గట్ల మీదా బీళ్లలోనూ సర్కారు తుమ్మే. ఎండితే అది రాయి. ఐరోపా వాళ్లు వీడియోల్లో భూర్జ (బర్చ్) దుంగ మీద కత్తి పెట్టి కర్రతో కొట్టి చీలుస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఆ మెత్తని చెట్టుకు చేసిన సన్నని గట్టి వాదరను తెచ్చి తుమ్మ మొద్దు మీద దింపితే పెచ్చులు ఏరుకోవాలి.

కొలిమికి వెళ్లి చేయించుకునేటప్పుడు పాత కమానా కొత్త కమానా అని తప్పకుండా అడగండి. పది పన్నెండేళ్లు బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లు ఉంటాయి. కాల్చి నూనెలో ముంచగానే అవి నోరు తెరుస్తాయి, లేదా తెరవకుండా ఊరుకుని మీరు దుంగ మీద కొట్టేటప్పుడు తెరుస్తాయి. కొత్త పట్టీ తెచ్చి ఇస్తానంటే ఖర్చు ఎంతో పెరగదు. నా కత్తికి మజూరీ, పట్టీ, పిడి అన్నీ కలిపి పదహారు వందలయింది. పొరల కత్తికి పెట్టినదాంట్లో ఇది ఆరో వంతు.

ఉక్కు ఏదైనా సగం బలం కాల్చడంలోనే ఉంది. అయస్కాంతం అంటుకోవడం మానేసే వేడి దాదాపు 770 డిగ్రీలు. అది దాటి ఇంకొంచెం, చెర్రీ పండు ఎరుపు తేలిక పడేదాకా కాల్చి, కాచిన నూనెలో ముంచాలి. కొలిమి గదిని చీకటిగా ఉంచేది ఆ రంగు కనిపించడానికే, సోమరితనంతో కిటికీ పెట్టక కాదు. ముంచాక కత్తి గాజులా ఉంటుంది, కింద పడితే పగులుతుంది. దాన్ని మళ్లీ 200 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేసి పెళుసుతనం విరగ్గొట్టాలి. పాలిష్ చేసిన అంచు మీద ఎండుగడ్డి రంగు వచ్చినప్పుడు ఆపాలి, నరికే పని ఎక్కువైతే ఇంకాస్త ముదరనివ్వాలి. ఈ రెండో కాల్పును ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు, మొదటిదాన్నే ఎగ్గొట్టి ఊరికే సాగదీసి పదును పెట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పట్టుకోవడం సులువు: వాదర పక్కన ఆకురాయి ఆనించి తోయండి. ఆకురాయి గాజు మీద జారినట్టు జారితే గట్టిపడింది. గర్రుమని కొరికి పొడి రాలిస్తే అది కొడవలికి కూడా పనికిరాదు. తర్వాత వాదరను ఇత్తడి కడ్డీకి వాలుగా ఆనించి మెల్లగా నొక్కండి. వాదర సన్నగా వంగి, తీయగానే యథాస్థానానికి వస్తే కాల్పు కుదిరినట్టు. వంగి ఉండిపోతే మెత్తన, పెచ్చు లేస్తే పెళుసు.

మందం గురించి ఒక మాట. కమాను పట్టీ ఎంత మందం ఉందో అంత మందంతోనే కత్తి చేసి ఇస్తే అది పార అవుతుంది. వీపు దగ్గర అయిదు మిల్లీమీటర్లు చాలు, పొరల కత్తికి నాలుగే ఎక్కువ. వీపు ఎంత మందమైనా పర్వాలేదు గానీ వాదరకు పైన వేలెడు ఎత్తులో కత్తి పలుచబడి ఉండాలి. ఉల్లిపాయ కోసి చూడండి. కోయకుండా పగలగొడుతుంటే ఇంకా అరగదీయమని చెప్పండి.

సముద్రం వైపు వెళ్లేవారికి

కొత్తపట్నం, మైపాడు తీరాల్లో రాత్రి పడుకుని లేచేసరికి ఇనుప తొడుగు కత్తి మీద నారింజ రంగు పొడి కనిపిస్తుంది. తొడుగులోని మెత్తని ఇనుము మధ్య ఉక్కు కంటే త్వరగా తుప్పు పడుతుంది. కమాను కత్తికీ ఇదే బెడద. తోలు ఒరలో పెట్టి సంచిలో పడేస్తే ఇంకా చేటు, తోలు చెమ్మను, ఉప్పును పట్టి ఉంచుతుంది. ఒర నడుముకు కట్టుకునేటప్పుడు మాత్రమే. ఇంట్లో కత్తిని కొబ్బరినూనె రాసి, పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి.

తీరానికే ఎక్కువగా వెళ్లేవారికి, చేపలు ఎక్కువగా బాగుచేసేవారికి ఫ్యాక్టరీ స్టెయిన్‌లెస్ చాకు చాలు. నాలుగు అంగుళాలది, పలుచనిది, ప్లాస్టిక్ పిడిది. అందం ఉండదు. పులుసులో మామిడికాయ నల్లబడదు, చింతపండు గుజ్జు అంటినా రుచి మారదు. ఇంతకంటే దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

స్టెయిన్‌లెస్ తొడుగు ఉన్న పొరల కత్తి అటూ ఇటూ రెండూ ఇస్తుంది: పక్కలు తుప్పు పట్టవు, వాదరలో మాత్రం గట్టి కర్బన ఉక్కు. వాదర పట్టీ ఒక్కటి తుడుచుకుంటే చాలు. డబ్బు ఉండి, ఒకే కత్తి కావాలని పట్టుబట్టేవారికి నేను దీన్నే చూపిస్తాను. అయితే ఇది బొగ్గుల కొలిమిలో సులువుగా అయ్యే పని కాదు. స్టెయిన్‌లెస్‌లోని క్రోమియం వేడికి గాలి తగలగానే పైన ఒక పొర కట్టేస్తుంది, వెలిగారానికి అది ఒక పట్టాన లొంగదు. చేసేవాళ్లు మూడు రేకుల అంచులనూ చుట్టూ వెల్డింగ్ చేసి, గాలి దూరకుండా మూసి, ఆ తర్వాత కాలుస్తారు. చాలామంది ఆ శ్రమ లేకుండా జపాన్ మిల్లుల్లో ముందే అతికించిన పట్టీలు కొని, కోసి, అరగదీసి కత్తి చేస్తారు. అందులో తప్పు లేదు, అలాంటి పట్టీలో ఉక్కు నడుమ నుంచి పక్కకు జరగదు కూడా. "నా చేతులతో కొలిమిలో అతికించాను" అని చెప్పి ఆ పనికి తగ్గ ధర అడిగితేనే చిక్కు.

పిడి

ఉదయగిరి చెక్క చెంచాల పనివారి గురించి తెలియనివారు ఉండరు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పని అది. వాళ్లు వాడే నర్ది చెక్క సన్నని రేణువుది, చేతికి నునుపుగా ఉంటుంది. నా కమాను కత్తికి పిడి చెక్కలు అక్కడే చేయించాను. ఒక్క జాగ్రత్త: చెక్క బాగా ఆరినదై ఉండాలి. మన మే నెల ఎండకు కారులో వదిలేసిన కత్తి పిడి పచ్చిదైతే ముడుచుకుని, ఉక్కు అంచులు బయటికి వచ్చి అరచేతిని కోస్తాయి. పిడికి అవిసె నూనె రాయండి, అది చెక్కలో ఇంకి గట్టిపడుతుంది. కొబ్బరినూనె రాస్తే జిడ్డుగానే ఉండిపోతుంది, చెమట పట్టిన చేతిలో జారుతుంది.

నరికే కత్తి అయితే ఉక్కు పిడి చివరిదాకా రావాలి, రివెట్లు మూడు ఉండాలి. కొడవలి పిడిలోలా సన్నని తోకను కాల్చి దూర్చి పొన్ను బిగించి ఇస్తామంటే, చిన్న చాకుకు సరే, దుంగలు చీల్చేదానికి వద్దు.

ఎంత పొడవు

ఇది రుచికి సంబంధించిన విషయం అనుకుంటారు. చట్టానికి సంబంధించింది కూడా. ఆయుధాల నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో, రెండు అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగు, ఇంటి పనికో వ్యవసాయానికో పరిశ్రమకో చేసింది కాకపోతే, ఆయుధాల లెక్కలోకి వస్తుంది. కొబ్బరిబొండాల కత్తికి ఆ వెసులుబాటు ఉంది. వీపు సంచిలో కొత్త ఒరతో మెరిసే పది అంగుళాల కత్తికి కూడా ఉందని తనిఖీ దగ్గర ఒప్పించడం మీ నోటి చలవ మీద ఆధారపడుతుంది.

అభయారణ్యం లోపలైతే అంగుళాల లెక్కే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్లకూడదు. ఆ చట్టం ఇచ్చిన ఆయుధం అనే మాట నిర్వచనంలోనే కత్తులు ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో పెనుసిల నరసింహ అభయారణ్యం ఉంది. పశ్చిమాన నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది. దానికి తోడు వెలికొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది. ఆ అడవి అంచున రాత్రిపూట నరికే కత్తితో కనిపించినవాణ్ని అటవీ సిబ్బంది ఏమనుకుంటారో వేరే చెప్పాలా? పట్టా భూమిలో, తెలిసినవారి తోటలో, యజమానికి చెప్పి దిగండి. కత్తి ఆరేడు అంగుళాలకు మించనివ్వకండి. ఆ పొడవులో పొరల కత్తి బరువు కూడా చేతికి హాయిగా ఉంటుంది, ఉక్కు వంకర పోయే ప్రమాదమూ తక్కువ. తొమ్మిది అంగుళాల పొరల కత్తి చేయడం మంచి పనివాడికీ కష్టమే, ఎందుకంటే గట్టి ఉక్కు, మెత్తని ఇనుము నూనెలో ఒకే తీరున ముడుచుకోవు, పొడవు పెరిగేకొద్దీ వంకర పెరుగుతుంది.

కట్టెలు కొట్టి పొయ్యి పెట్టే అలవాటు ఉన్నవారు కమాను కత్తి ఒకటి, ఫ్యాక్టరీ చాకు ఒకటి తీసుకోండి. రెండూ కలిపినా మంచి పొరల కత్తి ధరలో సగం కావు. గ్యాసు పొయ్యి పట్టుకెళ్లి, కత్తితో కూరగాయలు, మాంసం, తాడు, చిన్న చెక్కపని మాత్రమే చేసుకునేవారికి, రాయి మీద కూర్చుని సానపట్టడం ఇష్టమైనవారికి పొరల కత్తి నిజంగా సుఖమిస్తుంది. వెయ్యి నంబరు రాయి ఒకటి, మూడు వేల నంబరుది ఒకటి కొనండి. చివరి మెరుగు కోసం మార్కాపురం పలక మీద కూడా రుద్ది చూశాను. పనిచేస్తుంది, కానీ ఓ సాయంత్రం పడుతుంది.

కొలిమిలో చేయించుకునేవారు కొలతలు నోటితో చెప్పకండి. అట్టముక్క మీద కత్తి బొమ్మ నిండు సైజులో గీసి, కత్తిరించి, పిడి భాగాన్ని గుప్పెట్లో పట్టుకుని చూసుకున్నాకే ఇవ్వండి. నేను పట్టుకుని చూడకుండా ఇచ్చాను. ఆచారి గారు అట్టకు వెంట్రుకవాసి తేడా లేకుండా చేశారు. నా చిటికెన వేలు ఇప్పటికీ పిడి బయటే ఉంటుంది.